సెనెగల్ సెలవుల పట్టిక: ఆరు క్రైస్తవ పర్వదినాలు, అయిదు ముస్లిం పండుగలు

పశ్చిమ ఆఫ్రికా తీరదేశమైన సెనెగల్ జనాభాలో 95 శాతానికి పైగా ముస్లింలు. అయినా ఆ దేశ చట్టం గుర్తించిన మతపరమైన సెలవుల్లో క్రైస్తవ పర్వదినాలే ఒకటి ఎక్కువ. ఈస్టర్ సోమవారం, క్రీస్తు ఆరోహణ దినం, పెంతెకోస్తు సోమవారం, ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ, నవంబరు 1న సకల పునీతుల పండుగ, డిసెంబరు 25న క్రిస్మస్ కలిపి ఆరు. ముస్లింలకు రంజాన్, బక్రీద్, ఆషురా, మిలాద్ ఉన్ నబీ అనే నాలుగు సెలవులే ఉండేవి. అయిదోది 2013లో చేరింది. ఈ అయిదో సెలవుకు మిగిలిన నాలుగింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అవి ముస్లింలందరివీ కాగా, ఇది ఒక్క సూఫీ సోదర సంఘానికి చెందిన స్మారక దినం.

సెలవుల పట్టికలో కేథలిక్ దినాల ప్రాబల్యం ఫ్రెంచి వలస పాలన నుంచి సంక్రమించినది. స్వతంత్ర సెనెగల్ దానిని తొలగించలేదు. జాతీయ దినాన్నీ చట్టబద్ధ సెలవులనూ నిర్దేశించిన మూలచట్టం 1974 నాటిది. అప్పటి అధ్యక్షుడు లియోపోల్డ్ సెదార్ సెంఘోర్ స్వయంగా కేథలిక్. ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశాన్ని ఆయన 1960 నుంచి 1980 చివరి దాకా పాలించారు. ఆ పాలనకు ముస్లిం మతగురువుల మద్దతే పెద్ద అండ. 1963లో తూబా నగరంలో పెద్ద మసీదు ప్రారంభోత్సవానికి ఆయన హాజరయ్యారు. రాజ్యాంగం తొలి అధికరణంలోనే గణతంత్రాన్ని లౌకికమని ప్రకటించింది. అయితే ఆ లౌకికత్వం మతాన్ని దూరం పెట్టేది కాదు. అన్ని మతాల పెద్దలతోనూ ప్రభుత్వం కలిసి కూర్చునే పద్ధతి అది. ఈ విషయంలో సెనెగల్ ఫ్రాన్స్ కంటే భారతదేశానికే దగ్గరగా కనిపిస్తుంది.

మతంతో సంబంధం లేని సెలవులు మూడే. జనవరి 1 గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. మే 1న కార్మిక సంఘాలు తమ కోర్కెల పత్రాలను అధ్యక్షుడికి సమర్పించడం ఏటా జరిగే తంతు. ఏప్రిల్ 4 జాతీయ దినం. ఆ తేదీ వెనుక చిన్న మెలిక ఉంది. 1960 ఏప్రిల్ 4న అధికార బదిలీ ఒప్పందాలపై ఫ్రాన్స్‌తో సంతకాలు చేసింది సెనెగల్ ఒక్కటే కాదు. సెనెగల్, ఫ్రెంచి సూడాన్‌లు కలిసి ఏర్పడిన మాలి సమాఖ్య. జూన్ 20న స్వాతంత్ర్యం పొందిందీ ఆ సమాఖ్యే. ఆగస్టు 20న సెనెగల్ దాని నుంచి విడిపోయింది. ఫ్రెంచి సూడాన్ మాలి అనే పేరును తనకే ఉంచుకొని, సెప్టెంబరు 22ను తన స్వాతంత్ర్య దినంగా ఎంచుకుంది. ఈ విధంగా సెనెగల్ జాతీయ దినం సంతకాల తేదీకి గుర్తుగా మిగిలింది. ఆనాడు రాజధాని డకార్‌లో సైనిక కవాతు జరుగుతుంది. ముందురోజు సాయంత్రం అధ్యక్షుడు జాతినుద్దేశించి ప్రసంగిస్తారు. జాతీయ దినంతో పాటు ప్రధాన మత పండుగల సందర్భంగానూ ఖైదీలకు క్షమాభిక్ష ప్రసాదించడం ఆనవాయితీ కనుక, ఈ తేదీల కోసం జైళ్లలో ఉన్నవారి కుటుంబాలు కూడా ఎదురుచూస్తాయి.

ముస్లిం పండుగలకు సెనెగల్‌లో అరబ్బీ పేర్లకన్నా స్థానిక నామాలే వాడుక. రంజాన్ పండుగ ‘కోరితె’. ఉపవాసానికి వోలోఫ్ భాషలో ఉన్న ‘కోర్’ అనే మాట నుంచి అది వచ్చింది. బక్రీద్ ‘తబస్కి’. ఉత్తర ఆఫ్రికాలోని బెర్బర్ భాషల్లో ఇదే పండుగకున్న ‘తఫస్క’ అనే పేరుకు ఇది రూపాంతరం. యూదుల పస్కాను, క్రైస్తవుల ఈస్టరును సూచించే ‘పాస్కా’ అనే లాటిన్ పదమే దానికి మూలమని భాషావేత్తల అభిప్రాయం. అదే నిజమైతే, ఎన్నో శతాబ్దాల కిందట సహారాకు ఆవల వాడుకలో ఉన్న ఒక క్రైస్తవ పదం ఎడారి దాటి వచ్చి, ముస్లింల బలి పండుగకు పేరుగా స్థిరపడిందన్నమాట.

వీటిలో ఖర్చు ఎక్కువయ్యేది తబస్కికే. ప్రతి కుటుంబ పెద్దా పొట్టేలు కొనాలనుకుంటాడు. దేశంలోని మందలు ఆ గిరాకీకి చాలవు. మాలి, మౌరిటానియాల నుంచి గొర్రెలు వస్తాయి. వాటిపై పన్నులు మినహాయించడం, రవాణాకు సౌకర్యాలు కల్పించడం ప్రభుత్వానికి ఏటా పెద్ద పని. సరిహద్దులో మందలు ఆలస్యమైతే డకార్ సంతల్లో ధరలు పెరుగుతాయి, ఆ సెగ ప్రభుత్వానికీ తగులుతుంది. దర్జీలకు పండుగ ముందు వారాల్లో రాత్రి నిద్ర ఉండదు. నమాజు ముగిశాక ఒకరినొకరు క్షమాపణ కోరుకోవడం కోరితెకూ, తబస్కికీ సమానమైన ఆచారం.

ఆషురాను ‘తంఖరిత్’ అంటారు. తెలుగు నేల మీద మొహర్రం అనగానే పీర్ల ఊరేగింపులు, కర్బలా సంతాపం మనసులో మెదులుతాయి. సెనెగల్‌లో ఆ ఛాయలు లేవు. రాత్రి సజ్జ పిండితో చేసిన కుస్‌కుస్‌ను మాంసం పులుసుతో కడుపునిండా తింటారు. ఆ తర్వాత మగపిల్లలు ఆడవేషం, ఆడపిల్లలు మగవేషం వేసుకొని డప్పులతో ఇల్లిల్లూ తిరిగి చిల్లరో ధాన్యమో అడుగుతారు. ఈ సంబరం పేరు ‘తాజబోన్’.

ఈ పండుగల తేదీలను చట్టం నిర్ణయించదు, నిర్ణయించలేదు కూడా. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులు. అందువల్ల ప్రతి పండుగా ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2015లో మిలాద్ ఉన్ నబీ జనవరి తొలి వారంలో ఒకసారి, క్రిస్మస్ వారంలో మరోసారి వచ్చింది. 2025లో రంజాన్ ఉపవాసాలు, కేథలిక్కుల తపస్సు కాలం రెండూ మార్చి మొదటి వారంలోనే ఆరంభమయ్యాయి.

అసలు చిక్కు నెలవంక దగ్గర ఉంది. నెల 29వ రోజు సాయంత్రం వివిధ సోదర సంఘాల ప్రతినిధులున్న జాతీయ సంఘం సమావేశమై, దేశం నలుమూలల నుంచి వచ్చిన సమాచారాన్ని పరిశీలించి ప్రకటన చేస్తుంది. ఆ ప్రకటన వెలువడే దాకా మర్నాడు బడి ఉందో లేదో, దుకాణం తెరవాలో వద్దో ఎవరికీ తెలియదు. దానిని అందరూ అంగీకరిస్తారన్న హామీ కూడా లేదు. ఇతర దేశాల్లో నెలవంక కనబడితే చాలునని భావించే వర్గాలు కొన్నిసార్లు ఒకరోజు ముందే పండుగ చేసుకుంటాయి. అప్పుడు ఒకే వీధిలో ఒక ఇంట విందు, పక్క ఇంట ఉపవాసం. సెలవు మాత్రం ఒక్కరోజే కనుక, రెండో వర్గం తన పండుగనాడు పనికి వెళ్లాలా అనే ప్రశ్న తలెత్తుతుంది.

మిలాద్ ఉన్ నబీని ‘గము’ అంటారు. తిజానీ సోదర సంఘ గురువు ఎల్ హాజ్ మాలిక్ సీ స్థిరపడిన తివవాన్ పట్టణం దానికి ప్రధాన కేంద్రం. కావ్‌లాక్‌లోనూ భారీ సమావేశం జరుగుతుంది.

2013లో చేరిన అయిదో సెలవు ‘మగల్’. మురీద్ సోదర సంఘ స్థాపకుడు షేక్ అహ్మదు బంబాకు పెరుగుతున్న అనుచరగణాన్ని చూసి ఫ్రెంచి పాలకులు భయపడ్డారు. 1895లో సెయింట్ లూయీలో విచారణ జరిపి ఆయనను గబాన్‌కు పంపించారు. 1902లో ఆయన తిరిగివచ్చారు. మరుసటి ఏడాది మౌరిటానియాకు మళ్లీ ప్రవాసం తప్పలేదు. తొలి ప్రవాసానికి బయలుదేరిన సఫర్ నెల 18వ తేదీని దుఃఖదినంగా కాక, దైవానికి కృతజ్ఞతలు చెప్పే రోజుగా పాటించాలని ఆయన శిష్యులను కోరారు. డకార్‌కు తూర్పున సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న తూబాకు ఆ రోజు లక్షలాది మంది తరలివస్తారు. వచ్చినవారికి ఉచితంగా భోజనం పెట్టడం అక్కడివారికి మతధర్మం. 2018 డిసెంబరులో తియెస్ నుంచి తూబాకు 113 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ రహదారి ప్రారంభం కావడానికి ఈ యాత్రకున్న ప్రాధాన్యం ఒక కారణం.

చట్టం గుర్తించకముందే మగల్ నాడు డకార్ సగం ఖాళీ అయ్యేది. ఆ లెక్కన 2013 సవరణ ఉన్న వాస్తవానికి వేసిన ముద్ర మాత్రమే. కానీ వలస ప్రభుత్వం నేరస్థుడిగా ముద్రవేసి దేశం దాటించిన వ్యక్తి ప్రయాణదినాన్ని గణతంత్రం తన సెలవుగా స్వీకరించడం చిన్న విషయం కాదు. ఒక సంఘానికి దక్కిన గుర్తింపు మిగతా సంఘాలకు ఎందుకు లేదన్న ప్రశ్నకు కూడా అది తలుపు తెరిచింది.

క్రైస్తవుల సెలవుల్లో పెంతెకోస్తు సోమవారానికి ప్రత్యేక స్థానం ఉంది. 1888లో మొదలైన పోపెంగీన్ మరియమాత యాత్ర ఆ రోజున ముగుస్తుంది. డకార్ నుంచి యువతీయువకులు కాలినడకన అక్కడికి చేరుకుంటారు. ఇక గుడ్ ఫ్రైడే నాడు కేథలిక్ కుటుంబాలు ‘ఙలఖ్’ అనే తీపి వంటకం చేసి ముస్లిం ఇరుగుపొరుగుకు గిన్నెలతో పంపిస్తాయి. సజ్జ రవ్వ, వేరుశనగ ముద్ద, బావొబాబ్ పండు గుజ్జు దాని ముఖ్య దినుసులు. గోల్కొండలో ‘హతియాన్ కా ఝాడ్’గా పేరొందిన మహావృక్షం ఈ బావొబాబ్ జాతిదే. తబస్కికి పొట్టేలు మాంసం ఎదురు దిశలో వెళుతుంది. గుడ్ ఫ్రైడే మాత్రం సెనెగల్‌లో చట్టబద్ధమైన సెలవు కాదు.