టెస్టింగ్ పని అయిపోయిందని ఎన్నిసార్లు అన్నారో

పోయిన వారం డల్లాస్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. లేఆఫ్ అయింది. హెచ్1బీ కాబట్టి చేతిలో ఉన్నది 60 రోజులు. "అన్నా, పన్నెండేళ్ల నుంచి టెస్టింగే చేస్తున్నా. ఇప్పుడు ఏఐనే టెస్ట్ కేసులు రాసేస్తోంది. ఇంకా ఈ లైన్లో దారి ఉందంటావా?" అన్నాడు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

1947 సెప్టెంబర్ 9. హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుని దొరికింది. బగ్ అనే మాట అప్పటికే ఉంది, ఎడిసన్ కాలం నుంచీ ఇంజనీర్లు వాడుతున్నదే. నాకు నచ్చేది ఏమిటంటే, వాళ్లు ఆ పురుగుని పారేయలేదు. లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, పక్కన టైము రాసి పెట్టారు. మనం జిరాలో స్క్రీన్‌షాట్ పెట్టేది కూడా అదే పని కదా.

అప్పట్లో టెస్టర్ అని వేరే ఉద్యోగం లేదు. కోడ్ రాసినవాళ్లే సరిచూసుకునేవాళ్లు. 1950ల చివర్లో, మనిషిని అంతరిక్షంలోకి పంపే మెర్క్యురీ ప్రాజెక్టుకి ఐబీఎంలో జెరాల్డ్ వైన్‌బర్గ్ ఒక ప్రత్యేక టెస్టింగ్ టీమ్ నడిపాడు. అలాంటి టీముల్లో తొలివాటిలో అదొకటి. 1979లో గ్లెన్‌ఫోర్డ్ మయర్స్ తన పుస్తకంలో ఒక మాట తేల్చేశాడు: ప్రోగ్రామ్ బాగుందని చూపించడం టెస్టింగ్ కాదు, తప్పు పట్టుకోవాలని నడపడమే టెస్టింగ్.

ఆ తేడా ఎంతటిదో థెరాక్-25 చూపించింది. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే మెషీన్ అది. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదుకి ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది. కొందరు చనిపోయారు. అందులో రెండు ప్రమాదాలు మన డల్లాస్‌కి దగ్గర్లోని టైలర్ ఊళ్లోనే, 1986లో జరిగాయి. స్క్రీన్ మీద ఒక ఎర్రర్ నంబరు తప్ప ఏమీ తెలియదు. ఆస్పత్రి ఫిజిసిస్టు ఆ ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, అదే ఎర్రర్ మళ్లీ వచ్చేదాకా ప్రయత్నించాడు. చివరికి దొరికింది. చేయి తిరిగిన ఆపరేటర్ ఎంట్రీని గబగబా దిద్దితేనే ఆ తప్పు బయటపడుతుంది. నెమ్మదిగా చేస్తే రాదు. ఆ ఫిజిసిస్టు టెస్టర్ కాదు, కానీ చేసింది అచ్చంగా మన పని.

ఇక మన కథ. 2000ల్లో అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఫ్లెక్సీలన్నిటి మీదా విన్‌రన్నర్, లోడ్‌రన్నర్, క్యూటీపీ. కోడింగ్ రాకపోయినా పర్లేదు, టెస్టింగ్ నేర్చుకో అనేవాళ్లు. నేనూ అలా వచ్చినవాణ్ణే. ఆ టూల్స్ మెర్క్యురీ కంపెనీవి. 2006లో హెచ్‌పీ దాన్ని దాదాపు 450 కోట్ల డాలర్లకి కొనేసింది. అంతకు రెండేళ్ల ముందే షికాగోలో థాట్‌వర్క్స్ ఇంజనీరు జేసన్ హగిన్స్ సెలీనియం మొదలుపెట్టాడు. మెర్క్యురీ అంటే పాదరసం కదా, ఆ విషానికి విరుగుడు సెలీనియం అని జోకుగా పెట్టిన పేరది. జోకే నిజమైంది. ఫ్రీగా దొరికే టూల్ నిలబడింది, విన్‌రన్నర్ మూలపడింది. నా కోర్సు ఫీజూ దాంతోపాటే పోయింది!

2014లో మైక్రోసాఫ్ట్ చాలా టీముల్లో టెస్టర్, డెవలపర్ పోస్టుల్ని కలిపేసింది. అప్పుడూ టెస్టింగ్ పని అయిపోయిందన్నారు. నాతో వచ్చినవాళ్లలో టూల్ పేరే తమ పేరు అనుకున్నవాళ్లు నిజంగానే ఆగిపోయారు. మిగిలినవాళ్లు తలో దారి పట్టారు. ఒకడు పెర్ఫార్మెన్స్ వైపు, ఒకామె సెక్యూరిటీ వైపు. ఇంకొకామె ఇన్సూరెన్స్ క్లెయిములు డెవలపర్ల కంటే బాగా తెలుసుకుని ప్రొడక్ట్ ఓనర్ అయింది. కోడింగ్ అందరూ ఎంతో కొంత నేర్చుకున్నారు, అది తప్పలేదు.

ఏఐ వంద టెస్ట్ కేసులు రాయొచ్చు. కానీ ఆపరేటర్ పక్కన కూర్చుని "నువ్వు రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి" అని అడగాలని తోచేది ఆ పని తెలిసిన మనిషికే.

తమ్ముడికి అదే చెప్పాను. రెజ్యూమెలో టూల్స్ లిస్టు కిందకి తొయ్యి, నువ్వు పట్టిన తప్పుల వల్ల ఎవరికి ఏ నష్టం తప్పిందో పైన రాయి అని. నిన్న రాత్రి పంపాడు. పేషెంటు బిల్లింగ్‌లో రెండుసార్లు చార్జి పడే తప్పుని రిలీజ్ ముందు పట్టిన సంగతి మొదటి లైన్లోనే ఉంది. పన్నెండేళ్లలో ఈ విషయం ఎక్కడా రాసుకోలేదట.

ఇంకా 51 రోజులున్నాయి. మీ కంపెనీలో హెల్త్‌కేర్ ఓపెనింగ్ ఏమైనా ఉంటే నాకు ఒక మెసేజ్ పెట్టండి.