గుమ్మం ముందు మెట్లు: నాయుడుపేట ప్రాంత గృహనిర్మాణ చరిత్రలో ఒక విస్మృత ఆధారం

నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. ఆలయాలకిచ్చిన భూములు, దీపాలు, మాన్యాలు వాటిలో విస్తారం. సామాన్యుని ఇంటిమెట్టుకు శాసనం వేయించేవారుండరు కనుక దాని చరిత్రకు సున్నం, ఇటుక, రాయి ఇవే పత్రాలు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరేవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న నాయుడుపేట ఈ పరిశీలనకు తగిన క్షేత్రం.

ఈశాన్య రుతుపవనాల వానలు, స్వర్ణముఖి వరదలు తెలిసిన ఊరిలో ఇంటి అరుగును ఎత్తుగా కట్టక తప్పదు. అరుగు ఎత్తైతే మెట్లు అవసరం. ఇసుకను స్వర్ణముఖి ఇచ్చింది. ఆగ్నేయాన ఉన్న పులికాట్ సరస్సు గుల్లను ఇచ్చింది. ఆ గుల్లను కాల్చి, నీటితో విరిచి, ఇసుక కలిపి గానుగలో నూరితే గుల్లసున్నం సిద్ధమయ్యేది. కరక్కాయ, బెల్లం నానిన నీటిని అందులో కలపడం దక్షిణాదిలో ప్రసిద్ధమే. 1904లో మద్రాసులో జరిగిన తొలి సిమెంటు తయారీ ప్రయత్నానికీ సముద్రపు గుల్లే ముడిసరుకు కావడం గమనార్హం. అనంతర కాలంలో సిమెంటు గెలిచింది, గానుగలు ఆగిపోయాయి.

మెట్టు పైభాగానికి కడప బండ వచ్చింది. పొరలు పొరలుగా చీలే ఆ సున్నపురాతి నేలలను విలియం కింగ్ 1872లోనే వర్ణించాడు. బండను ఇటుక కట్టడం కంటే అంగుళం ముందుకు పొడిగించి, వీధివైపు స్వల్పంగా వాలుగా పరచడంలోనే తాపీమేస్త్రీ నేర్పు తెలుస్తుంది. లేకుంటే వాన నీరు సందుల్లోకి దిగి ఇటుకను తినేస్తుంది. మెరిసే గ్రానైటు మెట్లపై కాలుజారే నేటి గృహస్థులు ఈ విషయంలో పాతవారికంటే తెలివైనవారని చెప్పలేం.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్నది ఆచారం. కుడికాలితో మొదలుపెట్టినవారు కుడికాలితోనే లోపల అడుగుపెట్టాలంటే లెక్క బేసి కావలసిందే. అయితే గడపను లెక్కలో చేర్చాలా వద్దా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు.

అంతకంటే గంభీరమైన లెక్క మరొకటి ఉంది. ఎవరు ఏ మెట్టు దాకా రావచ్చునన్నది కులం నిర్ణయించేది. అరుగు మీద కూర్చోదగినవారు, మెట్టు దగ్గర ఆగవలసినవారు, వీధిలోనే నిలబడవలసినవారు వేరువేరు. రాళ్లు కొట్టి బండ మోసిన శ్రామికులలో పలువురికి, కట్టడం పూర్తయ్యాక అదే మెట్టు హద్దుగా మారేది. 1909లో వెలువడిన థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథం ఒడ్డెరల, ఉప్పరుల వృత్తులను నమోదు చేసింది. వారు కట్టిన ఇళ్లలో వారి స్థానమేమిటన్న ప్రశ్న మనం వేయవలసినది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణం అస్పృశ్యతను రద్దుచేసినా, మెట్ల వద్ద అలవాటు అంత త్వరగా చెరగలేదు.

నివాసగృహాలలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లకు మించరాదని, కాలు మోపే వెడల్పు 25 సెంటీమీటర్లకు తగ్గరాదని 2016 జాతీయ భవన నియమావళి చెబుతుంది. పాత మెట్లను ఈ కొలతలతో పోల్చడం సులభమే, అవి మిగిలి ఉంటే. వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ నేల పెరిగి, కింది మెట్టు ముందుగా పూడిపోతున్నది. వీధిలో నిలబడవలసివచ్చినవారి పాదాలకు అతి దగ్గరగా ఉన్న మెట్టు అదే.