ఒక చార్టు చెప్పిన స్వేచ్ఛ కథ

1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అమెరికా నల్లజాతీయుల జీవితాన్ని చూపే సుమారు 60 చార్టులు పెట్టారు. సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్, అట్లాంటా విశ్వవిద్యాలయ విద్యార్థులు కలిసి వాటిని చేత్తో గీసి రంగులు వేశారు.

ఒక చార్టు దాదాపు అంతా నలుపే. అది బానిసల వాటా. పైన సన్నటి ఆకుపచ్చ పట్టీ స్వేచ్ఛ ఉన్నవారిది. 1790లో నూటికి 8 మంది, 1860లో 11 మంది. డెబ్బై ఏళ్లలో పెరిగింది ముగ్గురే. 1870 నాటికి నూటికి నూరు. మధ్యలో అంతర్యుద్ధం జరిగింది, 1865లో రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. స్వేచ్ఛ కాలంతో పాటు దానంతటదే రాదని ఆ చార్టు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

1946లో అంబేడ్కర్ ఈ డు బోయిస్‌కే ఉత్తరం రాశారు. నల్లజాతీయులు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు పంపమని అడిగారు.

మన లెక్కలకు వస్తే, ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022లో ఎస్సీలపై నేరాల కేసులు 57,582. ఇవి పోలీసులు నమోదు చేసినవి మాత్రమే. ఎఫ్‌ఐఆర్ కాని దాడి ఇందులో ఉండదు. మ్యాప్‌లో లేత రంగు పడిన జిల్లాలో దాడులే జరగలేదా, ఫిర్యాదే తీసుకోలేదా? ఆ ప్రశ్నను మ్యాప్ కిందే రాయడం పరిశోధకుల బాధ్యత.