చివరి రెండంగుళాలు

కొల్లేటి మీద బాతులు, డెల్టా వరిచేలలో ఉల్లంకి పిట్టలు, కొండపల్లి అడవిలో చిరుతలు, ఇంకా ఎగువకు పోతే వరంగల్ వైపు పెద్దపులులు. 1889లో నిజాం రైలు బెజవాడ దాకా వచ్చేసరికి ఇవన్నీ తెల్లదొరల వేటకు ఒకే దారిలో అందుబాటులోకి వచ్చాయి. ఆ దారిలోనే ఉన్న నెక్కొండ దగ్గర 1902లో వైస్రాయ్ కర్జన్ పులివేటకు దిగాడు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఫోటో ఇప్పటికీ ఉంది.

నా మనసు మాత్రం ఫోటోలో నిలబడ్డ దొర మీద కాక, అలాంటి దొరలకు అడవి చూపించిన మనుషుల మీదికి పోతుంది. జాడ తీసేది వాళ్లు. దొర గుండు గురితప్పి, గాయపడ్డ మృగం పొదలో దూరితే నెత్తురు మరకలు చూసుకుంటూ ముందు నడవాల్సిందీ వాళ్లే. అలా నడిచేవాడి పక్కన ఎలాంటి తుపాకి ఉండాలి? పొద్దస్తమానం మోసినా భుజం విరగకూడదు. పదడుగుల దూరం నుంచి దూకే జంతువును మాత్రం ఒక్క దెబ్బకు ఆపాలి. వినడానికి చిన్న కోరికే, కానీ తుపాకులు చేసేవాళ్లను అది దశాబ్దాల పాటు ఏడిపించింది.

నల్ల తుపాకిమందు రోజుల్లో గుండు వేగం ఒక హద్దు దాటేది కాదు. వేగం పెరగనప్పుడు దెబ్బ బలం పెంచాలంటే గుండు బరువు పెంచాలి. గుండు పెరిగితే గొట్టం లావెక్కుతుంది, తుపాకి బరువెక్కుతుంది. ఈ లెక్కను చివరిదాకా తీసుకుపోయినవాడు శామ్యూల్ బేకర్. సింహళంలో ఏనుగుల వేటలో ఆరితేరిన ఆయన, 1860ల మొదట్లో అబిసీనియాకు వెళ్తూ హాలండ్ అనే తుపాకుల తయారీదారు చేత చేయించుకున్న తుపాకి ఒకటి వెంట తీసుకెళ్లాడు. దాని ముద్దుపేరు ‘బేబీ’. అరపౌను గుండు, తొమ్మిది కిలోల బరువు. పేల్చిన ప్రతిసారీ అది ఆజానుబాహువైన బేకర్‌నే గిర్రున తిప్పేసేది. దాన్ని పేల్చాలంటే ఆయనకే జంకు. ఇక అడవిలో జాడ తీసేవాడు అంత బరువుతో పొదల్లో దూరే మాటెక్కడిది?

తేలికైన తుపాకి లేకపోలేదు. పిట్టలు కొట్టే 12 బోరు జోడుగొట్టాల తుపాకి మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుళ్లుగా పోస్తే, వాటిలో ఒకటి పట్టేంత వెడల్పు దాని గొట్టం. అంటే గుండు పెద్దదే. చిక్కంతా నునుపైన గొట్టంతో వచ్చింది. అందులోంచి వెళ్లే గుండుకు గిరగిరా తిరిగే చలనం ఉండదు. యాభై గజాలు దాటిందంటే ఏ దిక్కుకు పోతుందో చెప్పలేం.

గొట్టం పొడవునా మెలిక గాడులు తొలిస్తే గుండు తిరుగుతుంది, గురి కుదురుతుంది. ఆ పనీ చేసి చూశారు. అయితే అదే గొట్టంలో పిట్టల కోసం చిన్న గుళ్లు పోసి పేల్చితే, గాడుల సుడికి అవన్నీ పక్కలకు చిమ్ముకుపోయి నడుమ ఖాళీ మిగిలేది. పైగా మందు ఒత్తిడి ఉద్ధృతంగా ఉన్నచోటే సీసం గాడుల్లో ఒరుసుకుంటూ పోవాలి కాబట్టి గొట్టం గోడలు మందంగా ఉండాలి. ఏ బరువును వదిలించుకుందామనుకున్నారో ఆ బరువే మళ్లీ వచ్చి కూర్చుంది.

ఇంతలో బాతుల వేటగాళ్ల వైపు నుంచి వేరే కబురు వచ్చింది. గొట్టం మూతి దగ్గర కొద్దిగా ఇరుకు చేస్తే చిన్న గుళ్లు చెదరకుండా గుంపుగా పోతాయని తేలింది. 1875లో లండన్‌లో జరిగిన పోటీల్లో గ్రీనర్ కంపెనీ తుపాకులు ఆ సంగతిని అందరి కళ్లముందు రుజువు చేశాయి. పెద్దమృగాల వేటగాళ్లకు మాత్రం ఇది చేదువార్త. ఇరుకు మూతిలోంచి నిండు గుండు పేల్చితే గొట్టమే పాడవుతుంది. ఒకే తుపాకితో రెండు పనులూ చేయాలన్న ఆశ అక్కడితో అడుగంటిందనే చాలామంది అనుకొని ఉంటారు.

ఆ ఇరుకునే వరంగా మార్చినవాడు జార్జ్ విన్సెంట్ ఫాస్బరీ. బెంగాల్ సైన్యంలో పనిచేసి, 1863లో వాయవ్య సరిహద్దులోని అంబేలా పోరులో విక్టోరియా క్రాస్ పొందిన సైనికుడు. సైన్యంలో ఉండగానే తూటాలతో ప్రయోగాలు చేసిన మనిషి. 1877లో ఉద్యోగ విరమణ తర్వాత పూర్తిగా తుపాకుల మీదే పడ్డాడు. 1885లో ఆయన పేటెంటు తీసుకున్న ఊహ ఇంత చిన్నది: గొట్టమంతా నునుపుగానే వదిలెయ్, మూతి దగ్గరి ఇరుకులో మాత్రం, ఆ చివరి రెండు మూడంగుళాల్లో, లోతైన గాడులు తొలువు.

ఆ చిన్న ఊహతో ముడులన్నీ విడిపోయాయి. గుండు మూతి దాకా వచ్చేసరికి మందు ఒత్తిడి చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. అప్పుడు గాడులు దాన్ని పట్టి తిప్పినా పలచని గొట్టం తట్టుకుంటుంది. చిన్న గుళ్లేమో ఆ కాస్త దూరంలో సుడి తిరిగేలోపే బయటపడతాయి. ఇంతకాలం గొట్టం పొడవునా వెతికిన జవాబు మూతి దగ్గర దొరికింది! ఇంత సూటిగా ఆలోచించగలిగిన ఆ సైనికుణ్ణి తలచుకుంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు ఆ హక్కులు తీసుకుని ‘పారడాక్స్’ పేరుతో తుపాకి తయారుచేశారు. 12 బోరుది సుమారు 3.4 కిలోలు. దాదాపు 48 గ్రాముల సీసపు గుండును నూరు గజాల దాకా నమ్మకంగా కొట్టేది. పొద్దున బాతు, సాయంత్రం ఎలుగుబంటి అన్నట్టుండే మన ప్రాంతపు వేటకు సరిగ్గా సరిపోయే ఆయుధం. ఇలాంటివే వెస్ట్లీ రిచర్డ్స్ ‘ఎక్స్‌ప్లోరా’, లాంకాస్టర్ ‘కొలిండియన్’ కూడా వచ్చాయి.

తర్వాత పొగరాని మందు రోజులొచ్చాయి. 1898లో రిగ్బీ కంపెనీ తెచ్చిన .450 తూటా భీకరమైనదే గానీ, దాన్ని పేల్చే జోడుగొట్టాల రైఫిల్ మళ్లీ ఐదు కిలోలు. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1895 మోడల్ వించెస్టర్ అంతకంటే తేలిక. 1904లో దానికి .405 తూటా జతపడింది. సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ అనే వేటగాడు ఆ రైఫిల్‌నే జీవితాంతం నమ్ముకున్నాడు. అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ నరభక్షక పులి కథను 1954లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి మన అడవుల్లో వేట ఆగింది. ఆగడమే మంచిదైంది.

తేలికైన తుపాకితో మృగాన్ని ఒక్క దెబ్బకు ఆపాలన్న ఆ చిక్కుముడి మాత్రం అలాస్కాలో బతికే ఉంది. అక్కడ గోధుమరంగు ఎలుగును వేటాడాలంటే బయటివాళ్లు లైసెన్సున్న గైడునో, అక్కడే ఉండే దగ్గరి బంధువునో వెంట తీసుకెళ్లాలని చట్టం. గాయపడ్డ ఎలుగు వెనక పొదల్లోకి పోవడం ఆ గైడు పని. 1950లలో కూపర్ ల్యాండింగ్ అనే చిన్న ఊళ్లో హెరాల్డ్ జాన్సన్ అనే తుపాకుల పనివాడు వించెస్టర్ .348 తూటా గొట్టం మెడను .45 అంగుళాలకు వెడల్పు చేసి, అదే కంపెనీ లీవరు రైఫిల్‌ను దానికి తగ్గట్టు మార్చాడు. అదే .450 అలాస్కన్. అక్కడి ఇతర పనివాళ్లు మార్లిన్ రైఫిళ్ల గొట్టాలు కోసి పొట్టిచేయడం మొదలుపెట్టారు. 1998లో మార్లిన్ కంపెనీ తానే అలాంటిది ‘గైడ్ గన్’ పేరుతో అమ్మింది. అమెరికా సైన్యం 1873లో తెచ్చిన .45-70 తూటా, 47 సెంటీమీటర్ల గొట్టం, సుమారు 3.2 కిలోల బరువు. అంత తేలికైనది భుజాన్ని గట్టిగా తన్నకుండా ఉండేందుకు వాళ్లు చేసిన ఏర్పాటు కూడా గొట్టం మూతి దగ్గరే ఉండేది: మందు వాయువు పైకి పోయేలా తొలిచిన చిన్న రంధ్రాలు.