కేంబ్రిడ్జి కళాశాలల తాకుడుపందెము



ఆంగ్లభూమియందు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి యను రెండు ప్రాచీన విద్యాపీఠములు కలవని మీరు వినియే యున్నారు. ఆ రెండును లండనునగరమున థేమ్సునదిపై ఏటేట తలపడు పడవపందెము కూడ పత్రికలవలన చాలమందికి తెలిసినదే. అది 1829వ సంవత్సరము జూను 10వ తేదీన హెన్లీపట్టణమున మొదలైనది, తొలిగెలుపు ఆక్స్‌ఫర్డువారిది. దానిని గూర్చి ఇంతటితో విరమించెదను. నేడు నేను ప్రస్తావింపనున్నది అంతకంటె పాతది, నా దృష్టిలో అంతకంటె విచిత్రమైనది. ఒకే విద్యాపీఠమునకు చెందిన కళాశాలలు తమలో తాము జరుపుకొను పందెమది. దానిని అచటివారు 'బంప్సు' అందురు. బంపు అనగా తాకుడు. కావున దీనిని తాకుడుపందెమని మనము తెలిగించుకొందము.

అచటి కళాశాల యెట్టిదో తెలియనిదే ఈ పందెము బోధపడదు. ఉదయమున పోయి పాఠములు విని సాయంకాలమునకు ఇల్లు చేరు తావు కాదది. విద్యార్థి అందే నిద్రించును, అందే భుజించును. ప్రతి కళాశాలకును వేఱువేఱుగా ప్రహరిగోడ, సింహద్వారము, భోజనశాల, గ్రంథాలయము కలవు; పాతవానికి ప్రార్థనామందిరములును, భూవసతులును గలవు. పరీక్షించి పట్టమిచ్చునది విశ్వవిద్యాలయము. అన్నముపెట్టి పెంచునది కళాశాల. కేంబ్రిడ్జిలో నేడు 31 కళాశాలలున్నవి. వానిలో మొదటిదగు పీటర్‌హౌసు 1284లో స్థాపితము. ఓరుగంటిలో రుద్రమదేవి ఏలుచుండిన కాలమది. ఒకే ఊర ఇన్ని కుటుంబములు ఇరుగుపొరుగుగా శతాబ్దములతరబడి నివసించుచుండగా వారినడుమ స్పర్ధ పుట్టుట సహజమే కదా!

స్పర్ధకు తగిన నది మాత్రము వారికి లభింపలేదు. కేంబ్రిడ్జిలో పాఱునది కాము అను చిన్న యేఱు. గోదావరిని చూచిన కన్నులకు అదియొక పెద్ద పంటకాలువవలె తోచును. పది పదునైదు పడవలు ప్రక్కప్రక్కన నిలిచి పందెమాడుటకు అందు తావులేదు. ఆక్స్‌ఫర్డులో థేమ్సునదికి ఐసిస్ అని వాడుకపేరు, అచటను ఇఱుకే. కావున పడవలను ఒకదానివెనుక నొకటిగా నిలిపి, వెనుకనున్నది ముందుదానిని తరిమి తాకవలెనను నియమ మేర్పడినది.

ఈ యుపాయము ఎవ్వరును సభచేసి నిర్ణయించినది కాదు. ఆక్స్‌ఫర్డు యువకులు పడవలపై దిగువనున్న గ్రామములకు పోయి, అందు భోజనముచేసి, సాయంకాలమున తిరిగి వచ్చుచుండెడివారు. దారిలో ఇఫ్లీ యనుచోట లాకు కలదు. లాకు అన్న మాట మన గోదావరి, కృష్ణా కాలువల ప్రాంతమువారికి నేను వివరింప నక్కఱలేదు. నీరు ఎక్కువఱకు పడవలన్నియు ఆ గదిలో ఒకచో చేరి నిలిచియుండవలెను. తలుపులు తెఱచినంతనే ఒకటి యొకటిగా బయలువెడలవలెను. ముందు వెడలినది పరుగెత్తుట, వెనుకది దానిని తరుముట, యువకులకు ఇంతకంటె ఏమికావలెను? 1815లో, అనగా నెపోలియను వాటర్లూయొద్ద ఓడిన సంవత్సరముననే, బ్రేజ్‌నోజు, జీససు అను రెండు కళాశాలల పడవలు ఇట్లు పోటీపడినవి. మనకు తెలిసినంతలో ఇదియే తొలిపందెము. కేంబ్రిడ్జిలో 1827లో ఆరంభమైనది. నేడు అచట ఏటికి రెండుమాఱులు జరుగును. చలికాలపుటంత్యమున జరుగునది లెంటుపందెము; వేసవిలో జరుగునది మేపందెము. పరీక్షలు ముగిసినగాని విద్యార్థులకు తెఱపి కలుగదు గనుక ఈ మేపందెమును జూనుమాసమునకు జరిపి చాలకాలమైనది. అయినను పేరు మార్చరైరి. ఆంగ్లేయుల పూర్వాచారభక్తి ఇట్టిది!

ఇక పందెపు తీరు వినుడు. ఒక్కొక్క పడవలో తెడ్లువేయువారు ఎనమండుగురు, చుక్కాని చూచు కర్ణధారి యొకడు. పడవ పొడవు ఇంచుమించు 60 అడుగులు. వెడల్పు మాత్రము మనిషి కూర్చుండుటకు చాలినంతయే. పడవలను బలమునుబట్టి తరగతులుగా విభజింతురు. మేపందెములో తరగతికి సాధారణముగా 17 పడవలు. ఇవి గట్టువెంబడి, నడుమ ఒకటిన్నర పడవపొడవు ఎడముండునట్లు, బారుగా నిలుచును. గట్టునకు కట్టిన గొలుసుకొనను కర్ణధారి చేతపట్టుకొని కూర్చుండును. నాలుగు నిమిషములున్నదనగా ఒకమాఱు ఫిరంగి మ్రోగును. ఒక్క నిమిషమున్నదనగా మఱియొకమాఱు. అంతట గట్టుపైనుండువారు పొడవైన గడతో పడవను ప్రవాహమధ్యమునకు త్రోయుదురు. మూడవ మ్రోతతో గొలుసు జాఱవిడుచుటయు, పదునేడు పడవలు ఒక్కసారిగా దూకుటయు జరుగును. దూరము ఇంచుమించు మైలున్నర. నదీతీరమున స్నేహితులు సైకిళ్లపై వెంటనంటి పరుగెత్తుచు, ఎర ఎంత చేరువైనదో ఈలలతో తెలుపుచుందురు.

ఇందొక విశేషము కలదు. తెడ్లువేయువారందఱును పడవపోవు దిక్కునకు వీపులు త్రిప్పి కూర్చుందురు. తాము తరుమునది వారికి కనబడదు. తమ్ము తరుముకొనివచ్చునదియే కనబడును. వెనుకపడవ ముక్కు అంగుళమంగుళముగా చేరవచ్చుటను చూచుచు, చేతులు మాత్రము తడబడకుండ సాగవలెను. ముందుచూపు గలవాడు కర్ణధారి యొక్కడే. బరువు తక్కువగా నుండవలెనని ఆ స్థానమునకు సన్నని కుఱ్ఱవానిని ఎన్నుకొందురు. కాలస్వరూపమును, కృష్ణబిలములను విచారించి లోకప్రసిద్ధుడైన స్టీఫెన్ హాకింగ్ పండితుడు ఆక్స్‌ఫర్డులో యూనివర్సిటీ కళాశాలయందు చదువుచున్నపుడు ఇట్టి కర్ణధారియే.

వెనుకపడవ ముందుదానిని తాకినచో, లేక తాకుట తప్పదని తెలిసి ముందుపడవ కర్ణధారి చేయెత్తినచో, అది తాకుడు. రెండు పడవలును దారివిడిచి గట్టుచేరవలెను. మఱునాడు గెలిచినది ఓడినదాని స్థానమున నిలుచును. తాకనిది, తాకబడనిది తన చోటనే యుండును. ఇట్లు నాలుగుదినములు. గెలిచినవారు గట్టుమీది చెట్లకొమ్మలను త్రుంచి ఆకులు తలలో తుఱుముకొని ఇల్లు చేరుదురు. నాలుగుదినములును తాకినవారికి తమ పేర్లు వ్రాసి రంగులు పూసిన తెడ్డును అలంకారముగా ఉంచుకొను అధికారము కలదు. అన్నింటికిని ముందు నిలిచినది 'నదీశిరస్సు' అనబడును.

నేను ఇంతసేపు చెప్పినది ఆటవిధానము. చరిత్ర విద్యార్థికి ముఖ్యమైన విషయము ఇంకొకటి కలదు. నాలుగవదినమున పడవలు ఏ వరుసలో నిలిచినవో, మఱుసటియేడు మొదటిదినమున సరిగా ఆ వరుసలోనే నిలుపుదురు. ప్రతియేడును క్రొత్తగా ఆరంభించు అలవాటు వీరికి లేదు. నిన్నటి తుదియే రేపటి మొదలు. విద్యార్థి యొకడు కళాశాలలో నుండునది సామాన్యముగా మూడేండ్లు. అతడు కూర్చుండు స్థానము తాను సంపాదించినది కాదు. తాను ముఖమైన ఎఱుగని పూర్వులు సంపాదించి విడిచినది. అతడు కోలుపోవు స్థానము వానిదిగాక, తరువాత రానున్న అపరిచితులది. దినమునకొక మెట్టుచొప్పున, ఏడాదికి నాలుగు మెట్లు ఎక్కుటయే గొప్ప. ముందున్న రెండు పడవలు తమలో తాము తాకుకొని తొలగినపుడు మూడవదానిని అందుకొని ఒక్కసారిగా మూడుమెట్లు ఎక్కుటయు కలదు గాని, అది యెన్నడో జరుగునది. నలుబదవ స్థానమున నున్నవారు ఏటేట తప్పక నాలుగేసి మెట్లు ఎక్కినను శిరస్సు చేరుటకు పదియేండ్లు కావలెను. అప్పటికి ఆరంభించినవారిలో ఒక్కడును కళాశాలలో నుండడు. పిత్రార్జితము, స్వార్జితము అని ధర్మశాస్త్రజ్ఞులు చేయు విభాగమునకు ఈ యాస్తి లొంగునా యని నేను తఱుచు ఆలోచించుచుందును. ఆర్జించినవాడు అనుభవింపడు, అనుభవించువాడు అమ్ముకొనలేడు, పోగొట్టినవానికి మాత్రము అపకీర్తి తప్పదు.

కేంబ్రిడ్జి పడవసంఘములలో పేరెన్నికగన్నది సెయింట్ జాన్సు కళాశాలవారిది. 1825లో స్థాపితమైన ఆ సంఘమునకు లేడీ మార్గరెట్ సంఘమని పేరు. ఏడవ హెన్రీ రాజుతల్లియైన మార్గరెట్ బోఫోర్టు ఆస్తితో ఆ కళాశాల 1511లో వెలసినది గనుక ఆమెపేరు పెట్టుకొనిరి. ఆ సంఘమువారు తొడుగు ఎఱ్ఱని కురుచకోటు నిప్పువలె మండుచుండుటచేతనే 'బ్లేజరు' అను మాట పుట్టినదందురు; నేడు మన పట్టణములలో దర్జీలు సైతము ఆ మాట వాడుచున్నారు. ఈ కళాశాలతో ఆంధ్రులకు సంబంధము కలదు. 'ముసలమ్మ మరణము' రచించిన కట్టమంచి రామలింగారెడ్డిగారు, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షులైనవారు, ఇరువదవ శతాబ్దారంభమున చదివినది ఈ సెయింట్ జాన్సులోనే. ఆక్స్‌ఫర్డులో 1936 మొదలు 1952 వఱకు ఆచార్యులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారు సభ్యులైన ఆల్ సోల్సు కళాశాలకు మాత్రము ఈ పందెముతో పనిలేదు. అది విద్వాంసుల కళాశాల; పట్టమునకు చదువు బాలకులే అందు లేరు.

తాకుటయే గెలుపైన ఆటలో అపాయము లేకపోదు. 1888లో కేంబ్రిడ్జి లెంటుపందెమున క్లేర్ కళాశాల పడవలోని యువకుని శరీరమున మఱియొక పడవ కొన గ్రుచ్చుకొని అతడు మరణించెను. అప్పటి పడవకొనలు ఈటెమొనలవలె నుండెడివి. ఆ మరణముతో పడవ ముక్కునకు మెత్తని రబ్బరుబంతిని తొడుగవలెనను నిబంధన వచ్చినది. నేడు పందెపుపడవలకు ముందుకొనను చిన్నబంతి కనబడినపుడు చూచువారు అదియొక సింగారమని తలచెదరు గాని, దానివెనుక ఒక తల్లి శోకము కలదు.

1914 జూనుమాసమున మేపందెములు యథాప్రకారము జరిగినవి. ఆగస్టు 4వ తేదీన ఆంగ్లేయులు యుద్ధమున దిగిరి. నదిపై తెడ్లు పట్టినవారు ఫ్రాన్సుభూమిపై తుపాకులు పట్టిరి. వారిలో చాలమంది తిరిగిరాలేదు. యుద్ధమున్నంతకాలము పందెములు నిలిచిపోయినవి. కాని వరుస కాగితముపై నిలిచియుండెను. యుద్ధానంతరము వచ్చినవారు ఆ పాతవరుసనుండియే మొదలుపెట్టిరి. మృతులు సంపాదించిన చోట్లలో క్రొత్తకుఱ్ఱలు తెడ్లతో కూర్చుండిన ఆ మొదటిదినమున, గట్టున నిలిచి చూచిన గురువుల మనస్సు ఎట్లుండెనో! బడిపంతులుగా బ్రదుకు గడపిన నాకు ఆ ఊహయే కన్నుల నీరు తెప్పించును.

స్త్రీల సంగతి చెప్పక విడువరాదు. కేంబ్రిడ్జిలో స్త్రీలకై గర్టను కళాశాల 1869లోను, న్యూన్‌హాము 1871లోను వెలసినను, వారికి సంపూర్ణముగా పట్టములిచ్చుట 1948లోగాని జరుగలేదు. పడవలమాట ఇంకను ఆలస్యము. 1969లో సెయింట్ హిల్డాకళాశాల యువతులు ఆక్స్‌ఫర్డున పురుషుల పడవలనడుమ పందెమునకు దిగిరి. కేంబ్రిడ్జి మేపందెమున 1974లో స్త్రీలకు వేఱుతరగతి యేర్పడెను. మొదట నాలుగుతెడ్ల పడవలు, 1990నుండి పురుషులవలెనే ఎనిమిదితెడ్లవి. వారికి పూర్వులు విడిచిపోయిన మెట్టు ఏదియు లేదు. తామే పూర్వులు కావలసివచ్చెను. నేడు వారి వరుసకును అర్ధశతాబ్దపు చరిత్ర కలదు. మనుమరాండ్రు అమ్మమ్మలు కూర్చుండిన కళాశాలకే తెడ్డువేయు కాలము వచ్చినది.

2020లో మహమ్మారి ప్రబలినపుడు మేపందెము జరుగలేదు, 2021లోను లేదు. 2019 జూనున ఏర్పడిన వరుస మూడేండ్లు కాచుకొనియుండి 2022 జూనులో మరల నదికి దిగినది. ఆ వరుసను గెలిచిన వారిలో పెక్కుమంది అప్పటికే పట్టములు పుచ్చుకొని దేశదేశములకు పోయియుండిరి. ముందటి పందెమును కంటితో చూడనివారే ఆనాడు చాల పడవలలో గొలుసులు పట్టుకొని ఫిరంగిమ్రోతకై చెవియొగ్గి కూర్చుండిరి.