చెనిక్కాయ చుట్టరికం

ఆమడగూరు వైపు రైతు నోట అది చెనిక్కాయ. పుస్తకాల్లో వేరుశనగ, హైదరాబాదులో పల్లీ. కన్నడంలో కడలెకాయి, తమిళంలో వేర్కడలై. కడలె అన్నా శనగే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కొత్త గింజకు చాలామంది పాత గింజ పేరే తగిలించారన్నమాట. నిజానికి కాయ వేరుకు కాయదు. పూత రాలాక ఊడ మట్టిలోకి దిగి, దాని కొసన ఊరుతుంది. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే అంతే సంగతులు.

ఈ పంట చుట్టరికాలు పేరుతో ఆగలేదు. బొలీవియా అడవి జాతి అరాకిస్ కార్డెనాసిని 1960లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో సాగు రకంతో కలిపారు. 1972లో పుట్టిన పటాన్‌చెరు పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆ సంతతితో తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను తట్టుకునే వరసలు తయారుచేసి ఇతర దేశాలకు పంచింది. ధారవాడ రకం జీపీబీడీ-4 ఆ వంశమే. 2021లో శాస్త్రవేత్తలు ఆ అడవి జన్యువుల జాడను 30 దేశాల్లో పట్టుకున్నారు. 1992 జీవవైవిధ్య ఒప్పందం తర్వాత ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు కష్టమయ్యాయి. విత్తనంపై దేశాల హక్కు న్యాయమే, కాగితాల పనే మరీ ఎక్కువ.

ఆమడగూరుకు దగ్గర్లోని కదిరి పరిశోధన కేంద్రం కూడా కదిరి-6, కదిరి లేపాక్షి రకాలిచ్చింది. ఏ రకమైనా పారేసేదేమీ ఉండదు: గింజ గానుగకు, చెక్క పాడిపశువుకు, కట్టె ఎద్దులకు, పొట్టు బాయిలర్లకు.