నాడి, నరం, సంధి: నాడీవ్యవస్థ పరిభాషలో నిలిచిన చరిత్ర

మనోవిజ్ఞానశాస్త్ర ప్రవేశ గ్రంథాలలో మెదడు, వెన్నుపాము, నాడులను వివరించే అధ్యాయం సాధారణంగా తొలి భాగంలోనే వస్తుంది. తెలుగు మాధ్యమ విద్యార్థికి అక్కడ ఎదురయ్యే చిక్కు విషయానిది మాత్రమే కాదు, మాటది కూడా. నాడి అనగానే అతనికి స్ఫురించేది మణికట్టు దగ్గర వైద్యుడు పట్టి చూసేది. నరం అంటే నెత్తురు తీయడానికి సూది గుచ్చే చోటు. మెడ పట్టేసినప్పుడు లాగేదీ అదే. ఈ అస్పష్టతను తెలుగు భాష లోపంగా ఎంచేవారున్నారు. అయితే నాడీశాస్త్రం తన చరిత్రలో అధికభాగం ఇదే అస్పష్టతలో గడిపింది. ఆ దశల ఆనవాళ్లు మన పరిభాషలో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

నరము ద్రావిడ పదం. దాని తమిళ రూపమైన నరంబుకు యాళ్ వాద్యపు తంత్రి అనే అర్థం కూడా ఉంది. బిగిసిన తీగ అనే ఊహ ఇందులో స్పష్టం. గ్రీకు భాషలోని న్యూరాన్ పదానికి తొలి అర్థం కూడా కండర, వింటినారి, తీగ. సంస్కృత స్నాయువు దానికి సజాతీయం. అరిస్టాటిల్ నాటికి ఆ గ్రీకు పదం ప్రధానంగా స్నాయువునే చెప్పేది. చేతనకు స్థానం హృదయమని ఆయన భావించాడు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో శవచ్ఛేదన చేసిన హెరోఫిలస్, ఎరసిస్ట్రాటస్‌లు మెదడు, వెన్నుపాములతో కలిసే తీగలను స్నాయువులనుంచి విడదీసి గుర్తించారు. వారు వస్తువును విడదీశారు గాని పాత పేరునే ఉంచారు.

నాడి కథ వేరు. నాడి, నాళం ఒకే కుటుంబపు మాటలు. బోలుగా ఉండే కాడ వాటి మూలభావం. సుశ్రుతసంహిత 700 సిరలను, 900 స్నాయువులను, 24 ధమనులను లెక్కించింది. శబ్ద స్పర్శ రూపాదులను మోసే పనిని ఊర్ధ్వగతమైన ధమనులకు అప్పగించింది. అనుభూతి గొట్టాలలో ప్రవహిస్తుందన్న ఈ ఊహ భారతీయులకే పరిమితం కాదు. 2వ శతాబ్దంలో గాలెన్ మెదడులో ఉత్పన్నమైన సూక్ష్మవాయువు నాడుల ద్వారా అవయవాలకు చేరుతుందన్నాడు. 1662లో, మరణానంతరం, వెలువడిన గ్రంథంలో డెకార్ట్ దేహాన్ని ఉద్యానవనాల జలయంత్రాలతో పోల్చాడు. ఆ శతాబ్దంలోనే స్వామెర్డామ్ కప్ప కండరాన్ని సన్నని గాజుగొట్టంలో ఉంచి నాడిని కదిలించాడు. గొట్టం కొనన ఉన్న నీటిబొట్టు పైకి లేవలేదు. కండరంలోకి ఏదీ వచ్చి నిండలేదన్నమాట. 1791లో గాల్వానీ విద్యుత్తును ముందుకు తెచ్చాడు. 1850లో హెల్మ్‌హోల్ట్స్ కప్ప నాడిలో ప్రేరణ వేగాన్ని కొలిచి సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చాడు. మనోవ్యాపారాలకు కాలం పడుతుందని, ఆ కాలాన్ని కొలవవచ్చని భావించిన ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి ఈ ఫలితం ఒక పునాది.

ఆధునిక పరిభాషను కూర్చేటప్పుడు బెంగాలీ స్నాయువును స్వీకరించింది. తెలుగు నాడిని స్వీకరించింది. ఒకటి తాడు, మరొకటి గొట్టం. శాస్త్రం రెండింటినీ విడిచిన తరువాతే ఈ ఎంపికలు జరిగాయి.

సంధి విషయంలో వైరుధ్యం మరింత ఆసక్తికరం. 1873లో గాల్జీ వెండి లవణంతో నాడీకణాలను నల్లగా కనిపింపజేసే పద్ధతిని ప్రకటించాడు. అవన్నీ ఒకే అవిచ్ఛిన్న జాలమని అతని మతం. అదే పద్ధతిని మెరుగుపరచిన స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ 1888నుంచి అందుకు భిన్నమైన దృశ్యాన్ని చూపాడు: ప్రతి కణమూ విడి, పక్కదానిని తాకుతుంది గాని అందులో కలిసిపోదు. 1891లో వాల్డెయర్ ఆ విడి కణానికి పెట్టిన పేరు న్యూరాన్, అంటే మళ్లీ ఆ పాత స్నాయువే. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది; గాల్జీ తన ప్రసంగాన్ని కహాల్ సిద్ధాంత ఖండనకే వినియోగించాడు. కణాలు కలిసే చోటుకు 1897లో షెరింగ్టన్ సైనాప్స్ అని పేరు పెట్టాడు. తెలుగులో దానిని నాడీసంధి అంటారు.

బాలవ్యాకరణం చదివినవారికి ఈ మాట వెంటనే తడుతుంది. చిన్నయసూరి లక్షణం ప్రకారం సంధిలో రెండు అచ్చుల చోట పరమైనదొక్కటే నిలుస్తుంది. ఆ అర్థంలో నాడీసంధి అనడం గాల్జీ పక్షం వహించడమే. సంధివాతంలోని సంధి, అంటే కీలు, కహాల్‌కు అనుకూలం. అక్కడ ఎముకలు దేనికవే. 1921లో లోవి వేగస్ నాడిని ప్రేరేపించి ఒక కప్ప గుండెను నెమ్మదింపజేశాడు. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని మరొక గుండెకు చేర్చగా అదీ నెమ్మదించింది. నాడి తన సందేశాన్ని రసాయనం ద్వారా అందిస్తుందని అలా రుజువైంది. 1950 దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కణాల మధ్య ఖాళీని స్పష్టంగా చూపింది. వ్యాకరణ పరిభాషలోనే చెప్పాలంటే, అధికభాగం నాడీసంధులలో జరిగేది సంధి కాదు, సంధి లేని చోట వచ్చే యడాగమం వంటిది.

నాడి, నరం, సంధి అన్న మాటలలో పాత అర్థం సజీవంగా ఉంది కనుక అధ్యాపకుడు దానిని పట్టుకొని కొత్త అర్థానికి దారి చూపగలడు. సహానుభూత నాడీవ్యవస్థ అన్న పేరుకు ఆ వెసులుబాటు లేదు. ఒక అవయవపు బాధను మరొకటి పంచుకుంటుందన్న గాలెన్ నాటి భావననుంచి 18వ శతాబ్దంలో విన్‌స్లో ఆ నాడులకు పేరు పెట్టగా, తెలుగు దానిని మక్కికి మక్కి అనువదించింది. భయంతో గుండె దడదడలాడడం సహానుభూతి ఎలా అయిందో చెప్పే ఆధారం తెలుగు మాటలో ఎక్కడా దొరకదు.